ఎముకల శాస్త్రవేత్త హత్యా నవలలు రాస్తే: కేథీ రైక్స్ మీద చర్చ

అబిడ్స్ ఆదివారం | సోమవారం, రాత్రి 9.12

కేథీ రైక్స్ మీద ఇక్కడ విడిగా చర్చ ఏదీ కనబడలేదు, అందుకని మొదలుపెడుతున్నాను. పేరు వినని వాళ్ల కోసం రెండు ముక్కలు. 1948లో చికాగోలో పుట్టారు. మొదట పురావస్తు తవ్వకాల్లో బయటపడ్డ ఎముకలు చదివేవారు, తర్వాత పోలీసులు తెచ్చే ఎముకలు చదవడం వృత్తి అయింది. కుళ్లినవి, కాలినవి, కోసి పారేసినవి, పోస్టుమార్టం డాక్టరుకు చూడటానికి ఏమీ మిగలనివి ఆమె బల్ల మీదికి వస్తాయి. అమెరికాలో నార్త్ కరోలినాకు, కెనడాలో క్విబెక్ రాష్ట్ర ప్రయోగశాలకు కూడా పనిచేశారు. మొదటి నవల ‘డేజా డెడ్’ 1997లో వచ్చింది. కెనడా క్రైమ్ రచయితల సంఘం తొలి నవలకు ఇచ్చే బహుమతి దానికే దక్కింది. ఆ బహుమతికి అప్పట్లో ఆర్థర్ ఎల్లిస్ పేరు ఉండేది. ఆ దేశపు తలారి వాడుకున్న మారుపేరు అది! ఈమధ్యే పేరు మార్చారు.

నవలల్లో కథానాయిక టెంపరెన్స్ బ్రెన్నన్. రచయిత్రి వృత్తే ఆమె వృత్తి, రచయిత్రి తిరిగే నార్త్ కరోలినాలోని షార్లట్, క్విబెక్‌లోని మాంట్రియల్ నగరాలే ఆమెవీ.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. మామూలు డిటెక్టివ్ రచయిత ప్రయోగశాల గురించి అడ్డదిడ్డంగా రాస్తే తెలియక రాశాడని వదిలేస్తాం. ఈమెకు అంతా తెలుసు. అయినా నవల ముగింపుకు వచ్చేసరికి బ్రెన్నన్ ఒంటరిగా, చీకట్లో, హంతకుడి చేతికి చిక్కుతుంది. ఎముకలు కొలిచే శాస్త్రవేత్త హంతకుణ్ని వెంటాడటం ఎక్కడైనా ఉందా? తెలిసి తెలిసి అలా రాయడం పాఠకుణ్ని మోసం చేయడం కాదా?

రెండో ముద్రణ | సోమవారం, రాత్రి 10.05

మోసమే. మీరు మర్యాదగా అడిగారు, నేను మర్యాద లేకుండా చెబుతాను.

ప్రతి అధ్యాయం చివరి వాక్యం ఉరుములా ఉంటుంది. ఫోన్ మోగుతుంది, అధ్యాయం అయిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది, అధ్యాయం అయిపోతుంది. వరుసగా చదివితే విసుగొస్తుంది. కూతురో చెల్లెలో స్నేహితురాలో ఎవరో ఒకరు ఆపదలో పడాల్సిందే. సగటు పాఠకుడికి ఇదే కావాలని ప్రచురణకర్త చెప్పి ఉంటాడు, ఆమె సరేనని ఉంటారు. ఆ నవలల నుంచి ప్రయోగశాల పేజీలు చింపేస్తే మిగిలేది రైల్వే స్టేషన్ బుక్‌స్టాల్ సరుకు.

ఆ ప్రయోగశాల పేజీల కోసమే ఇంకా కొంటున్నానన్నది వేరే సంగతి.

అనాటమీ హాలు | మంగళవారం, ఉదయం 6.40

నేను వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెబుతాను. మన రాష్ట్రాల్లో రైక్స్ చేసే పనికి విడిగా ఉద్యోగం ఉండటం అరుదు. పోలీసులు ఎముకల మూట, ఒక ఉత్తరం తీసుకుని ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగానికో మా విభాగానికో వస్తారు. ఉత్తరంలో ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఇవి మనిషి ఎముకలేనా? ఒకరివేనా? ఆడా, మగా? వయసెంత? ఎత్తెంత? చనిపోయి ఎన్నాళ్లయింది? ఎలా చనిపోయారు?

మొదటి నాలుగింటికి కాస్త ధైర్యంగా జవాబు రాస్తాం. తర్వాతివాటికి వచ్చేసరికి కలం నెమ్మదిస్తుంది. రైక్స్ నవలల్లో నాకు నచ్చేది సరిగ్గా ఈ నెమ్మదించడమే. బయటి రచయితల పుస్తకాల్లో నిపుణుడు పుర్రె చూడగానే ‘ముప్పై రెండేళ్ల స్త్రీ’ అంటాడు. బ్రెన్నన్ అలా అనదు. ఇన్నేళ్ల నుంచి ఇన్నేళ్ల లోపు అని చెబుతుంది, డిటెక్టివ్ విసుక్కుంటాడు, ఆమె తగ్గదు. లోపలి మనిషి రాసిందని అక్కడ తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముకను తీసుకోండి. రొమ్ము ఎముకకు అతుక్కునే దాని లోపలి కొసను వెలుతురుకు పెట్టి చూడాలి. కుర్రవాడిదైతే ఆ కొస గరుకుగా, గట్లుగట్లుగా ఉంటుంది. ఇరవై దగ్గరపడే వయసులో దాని మీద పల్చని పెచ్చులాంటి ఎముక మొదట నడిమధ్యన అతుక్కోవడం మొదలవుతుంది, అంచుల దగ్గర సందు కనబడుతూ ఉంటుంది. ముప్పై వచ్చేసరికి దాదాపు అందరిలోనూ ఆ సందు పూడి నున్నబడుతుంది. ఒంట్లో అన్నింటికన్నా ఆలస్యంగా అతుక్కునే ఎముక కొస ఇదే. అది సగం అతుక్కుని ఉంటే ‘ఇరవైల్లో ఉన్న మనిషి’ అనగలను. అంతకు మించి ఒక్క అంకె చెప్పినా కోర్టులో నిలబడలేను.

ఎత్తు సంగతి ఇంకా తమాషా. తొడ ఎముక పొడవు నుంచి ఎత్తు లెక్కగట్టడానికి ప్రపంచమంతా వాడే ట్రాటర్, గ్లేసర్ సూత్రాలు 1952 నాటివి, ప్రధానంగా అమెరికా సైనికుల ఎముకల మీద తయారైనవి. వాటిని మన పల్లెటూరి కూలీ మనిషి తొడ ఎముకకు యథాతథంగా తగిలిస్తే తప్పు లెక్క వస్తుంది.

అందుకని @అబిడ్స్ ఆదివారం గారూ, చివర్లో ఆమె హంతకుడి వెంట పరుగెత్తడం నాకు పెద్దగా పట్టదు. ఎముక విషయంలో అబద్ధం చెప్పదు, నాకు అది చాలు.

మాంట్రియల్ మంచు | మంగళవారం, రాత్రి 7.55

మాంట్రియల్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. రైక్స్ పనిచేసిన ప్రయోగశాల ఇక్కడ పార్తెనే వీధిలోని పెద్ద భవనంలో ఉంది, రాష్ట్ర పోలీసుల ప్రధాన కార్యాలయం కూడా అందులోనే. ఒకప్పుడు పై అంతస్తుల్లో విచారణ ఖైదీల జైలు ఉండేది. కింద పోలీసులు, మధ్యలో శవాలు, పైన ఖైదీలు! నవలా రచయితకు ఇంతకన్నా ఏం కావాలి. ఆ ప్రయోగశాలను 1914లో విల్‌ఫ్రిడ్ డెరోమ్ అనే డాక్టరు మొదలుపెట్టారు. ఉత్తర అమెరికాలో అలాంటిది అదే మొదటిది. అమెరికా ఎఫ్‌బీఐ ప్రయోగశాల వచ్చింది 1932లో.

రైక్స్ ఈ ఊరిని బయటి మనిషి కళ్లతో చూస్తారు. సహోద్యోగులు ఫ్రెంచిలో మాట్లాడుకుంటారు, బ్రెన్నన్‌కు భాష వచ్చు, కానీ జోకు ఒక్క క్షణం ఆలస్యంగా అందుతుంది. బయటి నుంచి వచ్చి స్థిరపడిన మాలాంటి వాళ్లకు ఆ క్షణం బాగా తెలుసు. శీతాకాలంలో నేల గడ్డకట్టి తవ్వకం కుదరదు. ‘డెత్ డు జూర్’ మొదట్లో పాత చర్చి లోపల సన్యాసిని ఎముకల కోసం గడ్డకట్టిన మట్టిని తవ్వే ఘట్టం ఉంది. అది చదువుతుంటే వేళ్లు కొంకర్లు పోతాయి.

టీవీ పెద్దమనిషి | మంగళవారం, రాత్రి 8.20

‘బోన్స్’ సీరియల్ ఈవిడదేనా? అందులో హీరోయిన్ పేరు కూడా బ్రెన్ననే కదా. నేను మొత్తం చూశాను, నవలలు ఉన్నాయని తెలియదు.

అబిడ్స్ ఆదివారం | మంగళవారం, రాత్రి 8.41

అవును, ఆమె నవలల ప్రేరణతోనే. 2005 నుంచి 2017 వరకు 12 సీజన్లు వచ్చింది. రైక్స్ నిర్మాతల్లో ఒకరు. కానీ టీవీ బ్రెన్నన్ వేరు. వయసులో చిన్నది, వాషింగ్టన్‌లో పెద్ద మ్యూజియం లాంటి సంస్థలో పనిచేస్తుంది, మనుషులతో ఎలా మాట్లాడాలో తెలియదు. నవలల్లో బ్రెన్నన్ నలభైల్లో ఉన్న మనిషి, భర్త నుంచి విడిపోయింది, ఒకప్పుడు తాగుడు వ్యసనం ఉండేది, ఇప్పుడు చుక్క ముట్టదు. బర్డీ అనే పిల్లి ఉంటుంది. నాకు ఈ రెండో బ్రెన్ననే ఇష్టం.

ఒక తమాషా: సీరియల్‌లో బ్రెన్నన్ కూడా నవలలు రాస్తుంది. ఆ నవలల్లో కథానాయిక పేరు కేథీ రైక్స్.

లక్క సీలు | బుధవారం, మధ్యాహ్నం 2.30

ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఏ ప్రయోగశాల అని అడగకండి.

సీరియల్ గుర్తుచేశారు కాబట్టి ఒక మాట. టీవీలో పొద్దున ఎముక దొరికితే సాయంత్రానికి డీఎన్‌ఏ ఫలితం వస్తుంది, తెరమీద ఎర్ర అక్షరాలతో హంతకుడి ఫోటో వెలుగుతుంది. అసలు జరిగేది రాస్తాను.

మూట వస్తుంది. కానిస్టేబుల్ దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెస్తాడు. ముందు మేం చూసేది ఎముకను కాదు, సీలును. మూట మీది లక్క ముద్ర, ఉత్తరం మీద వేసి పంపిన నమూనా ముద్ర ఒకటేనా? తేడా ఉంటే మూట విప్పకుండా వెనక్కి పంపాలి. ముద్ర సరిపోయి విప్పితే లోపల తడి ఎముక పాలిథీన్ సంచిలో చెమటపట్టి, బూజు పట్టి ఉంటుంది. ఆరబెట్టి కాగితంలోనో గుడ్డలోనో చుట్టాలని ఎన్ని శిక్షణ తరగతుల్లో చెప్పినా ఆ పాలిథీన్ సంచి పోదు.

తర్వాత ఎముక పై పొర గీకేయాలి. ఎవరెవరి చేతులు తగిలాయో, వాళ్ల డీఎన్‌ఏ అంతా అక్కడే ఉంటుంది. ఆ పైన పొడి చేయాలి. పొడి చేసేటప్పుడు పుట్టే వేడికే డీఎన్‌ఏ పాడవుతుంది, అందుకని ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి కొడతారు. ఆ పొడిలోని కాల్షియాన్ని కరిగించడానికే రోజులు పడుతుంది. ఇంత చేసి డీఎన్‌ఏ గుర్తుల పట్టిక తయారైనా, పోల్చడానికి తల్లో తండ్రో బిడ్డో రక్తం ఇవ్వకపోతే అది ఎవరిదీ కాని అంకెల పట్టిక. మా దగ్గర అలాంటి పట్టికలు బీరువా నిండా ఉండేవి.

హైదరాబాద్ ఈ పనికి చిన్న ఊరేమీ కాదు. ఇక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లోనే మన దేశానికి సొంత డీఎన్‌ఏ పరీక్ష పద్ధతి తయారుచేసింది. శాస్త్రం మన దగ్గర ఉంది. బూజు పట్టిన సంచి కూడా మన దగ్గరే ఉంది.

రైక్స్ నవలల్లో ఫలితం కోసం ఎదురుచూడటం ఉంటుంది, ఫోన్ చేసి బతిమాలడం ఉంటుంది, ‘వరుసలో ఉంది’ అనే జవాబు ఉంటుంది. అక్కడ నాకు నవ్వొస్తుంది. ఖండాలు దాటినా ఆ జవాబు మారలేదు.

నల్లకోటు | బుధవారం, రాత్రి 9.50

క్రిమినల్ కేసులు వాదించే వృత్తి నాది. అబిడ్స్ గారి అసలు ప్రశ్నకు ఎవరూ న్యాయం వైపు నుంచి జవాబు చెప్పలేదు.

కోర్టుకు నిపుణుడు ఇచ్చేది అభిప్రాయం. పాత సాక్ష్య చట్టంలో 45వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 39. ఆ అభిప్రాయానికి విలువ వచ్చేది నిపుణుడికి ఎవరి పక్షమూ లేదన్న నమ్మకం వల్ల. ఇప్పుడు బ్రెన్నన్‌ను బోనెక్కించండి. అమ్మా, ఈ రంపపు గాట్లు ముద్దాయి రంపానివే అంటున్నారు. ముద్దాయి అర్ధరాత్రి మీ ఇంట్లో దూరి మీ గొంతు పట్టుకున్నాడని కూడా మీరే అంటున్నారు. అతని మీద మీకు కోపం లేదా? ఆ కోపం మీ సూక్ష్మదర్శినికి అంటలేదని ఎలా నమ్మాలి? రెండు ప్రశ్నల్లో ఆమె నివేదిక చెత్తబుట్టలో పడుతుంది. నవల చివరి అధ్యాయం ఎంత ఉత్కంఠగా ఉంటే కేసు అంత బలహీనపడుతుంది. రైక్స్‌కు ఇది తెలియకుండా ఉండదు, అందుకే చాలాసార్లు ఆ కథలు కోర్టు దాకా రావు.

మరో సంగతి. అమెరికాలో ప్రయోగశాల నివేదిక కాగితం ఒక్కటే పెడితే చాలదు, రాసిన మనిషి బోనెక్కి అడ్డప్రశ్నలకు జవాబు చెప్పాలని 2009లో మెలెండెజ్ డియాజ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర కొందరు ప్రభుత్వ శాస్త్రవేత్తల నివేదికలు వాళ్లు రాకుండానే సాక్ష్యంగా చెల్లుతాయి. నేర విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 293వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 329. కోర్టు కావాలనుకుంటే పిలవొచ్చు. పైగా అక్కడ జ్యూరీ ఉంది, ఇక్కడ ఎప్పుడో పోయింది. పన్నెండు మంది మామూలు మనుషులకు, వాళ్లలో ఒక టాక్సీ డ్రైవరు, ఒక బడి టీచరు ఉన్నారనుకోండి, తొడ ఎముక గురించి నిద్రపట్టకుండా చెప్పడం రైక్స్ వృత్తిలో భాగం. ఆమె నవలా విద్య అక్కడే అబ్బిందని నా నమ్మకం. మన నిపుణులు న్యాయమూర్తి కోసం, అదీ కాగితం మీద రాస్తారు. ఆ నివేదికలు చదివితే ఎవరికీ నవల రాయాలనిపించదు.

రెండో ముద్రణ | బుధవారం, రాత్రి 10.30

> నవల చివరి అధ్యాయం ఎంత ఉత్కంఠగా ఉంటే కేసు అంత బలహీనపడుతుంది

ఈ వాక్యం నేను అరువు తెచ్చుకుంటాను.

రంపం మాటెత్తారు కాబట్టి న్యాయంగా ఒక విషయం ఒప్పుకోవాలి. ‘డేజా డెడ్’లో రంపపు గాట్ల పరిశీలన నేను చదివిన వాటిలో మేటి. ఎముక పూర్తిగా తెగిన చోటికన్నా, కోయడం మొదలుపెట్టి రంపం జారిపోయిన చోట మిగిలే చిన్న గాడి ఎక్కువ చెబుతుంది. రంపం పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి ఉంటాయి కదా, అందుకే గాడి వెడల్పు రేకు మందం కన్నా ఎక్కువ ఉంటుంది. ఆ సగం గాడి అడుగున పళ్ల జాడ అలాగే నిలుస్తుంది. దాని నుంచి పళ్ల వంపు, వాటి మధ్య దూరం, చేతి రంపమా మర రంపమా అన్నంత వరకు వెళ్లొచ్చు. ఏ కంపెనీ, ఏ దుకాణం అని చెప్పలేం. నవల ఆ గీత దాటదు. మాంట్రియల్‌లో ఆమె నిజంగా పనిచేసిన 1990ల నాటి వరుస హత్యల కేసు నుంచే ఆ నవల పుట్టింది, అందుకే అంత పట్టు ఉంది.

మాంట్రియల్ మంచు | గురువారం, ఉదయం 5.15

నాకు ఇబ్బంది కలిగించేది ఇదే. చనిపోయిన స్త్రీల కుటుంబాలు ఈ ఊళ్లోనే ఉన్నాయి. వాళ్ల బిడ్డల ఎముకలు చూసిన మనిషే నవల రాసి అమ్ముకోవడం ఏ మేరకు సబబు? రైక్స్ పేర్లు, తేదీలు, చోట్లు మార్చేస్తానని, కేసులోని బీజాన్ని మాత్రమే తీసుకుంటానని చెప్పుకున్నారు. చట్టం ఒప్పుకుంటుంది, సరే. చదివే తల్లికి మాత్రం అది తన బిడ్డేనని తెలిసిపోతుంది కదా.

అనాటమీ హాలు | గురువారం, ఉదయం 7.10

మీ మాట కాదనను. కానీ అన్ని నవలలనూ ఒకే గాటన కట్టకండి. 2002 నాటి ‘గ్రేవ్ సీక్రెట్స్’ గ్వాటెమాలాలో మొదలవుతుంది. ఆ దేశంలో అంతర్యుద్ధం 1960 నుంచి 1996 దాకా సాగింది. ఐక్యరాజ్యసమితి మద్దతుతో ఏర్పడిన కమిషన్ చనిపోయినవాళ్లు, మాయమైనవాళ్లు కలిపి 2 లక్షల పైచిలుకు అని లెక్కవేసింది. ఎక్కువ మంది మాయా గిరిజనులు. సైన్యం ఊళ్లకు ఊళ్లను చంపి బావుల్లో, గోతుల్లో పూడ్చింది. రైక్స్ అక్కడి తవ్వకంలో స్వయంగా పాల్గొన్నారు. రువాండా మారణహోమం మీద ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్‌లో సాక్ష్యమిచ్చారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత న్యూయార్క్‌లో అవశేషాల గుర్తింపులో పనిచేశారు. విమాన ప్రమాద మృతులను గుర్తించే బృందం మీద ఆమె రాసిన ‘ఫేటల్ వాయేజ్’ కూడా 2001లోనే వచ్చింది.

గ్వాటెమాలా గోతి పక్కన ఆ ఊరి ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. తవ్వేవాళ్లు బయటికి తీసే గుడ్డపేలిక మీది నేతను చూసి ఎవరిదో పోల్చుకుంటారు. అక్కడి పల్లెల నేతలకు దేని నమూనా దానిదే. ప్రయోగశాల కన్నా ముందు నేత చెబుతుంది. అలాంటి చోట కుటుంబాలు కోరుకునేది మౌనం కాదు, ఎవరైనా గట్టిగా చెప్పడం. ప్రభుత్వమే కాదన్న హత్యలు అవి. మాంట్రియల్ కేసుకూ దీనికీ తేడా ఉంది.

నల్లకోటు | గురువారం, ఉదయం 9.00

ఆ తేడా నిజమే. కానీ ఆ పుస్తకంలోనూ కథ గ్వాటెమాలా నగరంలో మాయమైన యువతుల వైపు మళ్లుతుంది. గోతిలోని ఎముకలు వెనకబడతాయి. పాఠకుడికి హంతకుడు ఒక్కడే కావాలి, సైన్యం మొత్తం హంతకుడైతే నవల ఎలా ముగించాలి? ఆమెను తప్పుపట్టను, ఈ ప్రక్రియ పరిమితి అంతే.

రెండో ముద్రణ | గురువారం, మధ్యాహ్నం 1.20

ఈ పరిమితి నుంచి తెలివిగా తప్పించుకున్న ఒకాయన ఉన్నారు. బెర్నార్డ్ నైట్. వేల్స్‌కు చెందిన పోస్టుమార్టం నిపుణుడు, పైగా బారిస్టరు చదువు. 1994లో గ్లోస్టర్‌లో ఒక ఇంటి తోటలోనూ నేలమాళిగలోనూ వరుసగా శవాలు బయటపడిన ఫ్రెడ్ వెస్ట్ కేసులో పనిచేసింది ఆయనే. అంత అనుభవం ఉన్న మనిషి నవలా కాలంగా ఏం ఎంచుకున్నారు? 12వ శతాబ్దం! ఇంగ్లండులో కరోనర్ పదవి 1194లో ఏర్పడింది. మరణాలను విచారించే ఆ రాజోద్యోగిని కథానాయకుణ్ని చేసి ‘క్రౌనర్ జాన్’ నవలలు రాశారు, 1998 నుంచి. వేలిముద్ర లేదు, సూక్ష్మదర్శిని లేదు, రక్తపరీక్ష లేదు. శవాన్ని ఊరి జనం ముందు పెట్టి, గాయాల్లోకి వేలు పెట్టి లోతు చూసి, ఊరివాళ్లను ప్రశ్నించడం, అంతే. తన పనిముట్లన్నీ పక్కన పెట్టేసి రాశారు. దాంతో నిజ కేసుల బాధితుల బెడద లేదు, ఫలితం వరుసలో ఉండటం లేదు.

నన్నడిగితే శాస్త్రవేత్త నవలాకారుల్లో ఆయనే గడుసువాడు.

అనాటమీ హాలు | గురువారం, సాయంత్రం 5.45

నైట్ పాఠ్యపుస్తకం మా లైబ్రరీలో ఉంది. నవలలు చదవలేదు, చదువుతాను.

మీరు బిల్ బాస్‌ను కూడా చేర్చండి. అమెరికాలోని టెనసీ విశ్వవిద్యాలయంలో, నాక్స్‌విల్‌లో, దానంగా వచ్చిన శవాలను ఆరుబయట వదిలి అవి కుళ్లే తీరును నమోదుచేసే స్థలం మొదలుపెట్టింది ఆయనే. 1980ల ఆరంభంలో. విలేకరి జాన్ జెఫర్సన్‌తో కలిసి ‘జెఫర్సన్ బాస్’ పేరుతో నవలలు కూడా రాశారు. ఆ స్థలం ఆలోచన బలపడటానికి ఒక శవం కారణం. 1977 చివర్లో ఒక పాత సమాధి దగ్గర తల లేని శవం బయటపడింది, మాంసం ఇంకా గులాబీ రంగులో ఉంది. చనిపోయి ఏడాది లోపే అయి ఉంటుందని బాస్ చెప్పారు. తీరా చూస్తే అది 1864లో అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన కల్నల్ విలియం షై శవం. రసాయనాలు పట్టించి ఇనుప పెట్టెలో పెట్టడం వల్ల అలా నిలిచింది. 113 ఏళ్ల తేడా! ఆయన ఆ కథను దాచలేదు, ఏళ్ల తరబడి తరగతుల్లో చెప్పుకున్నారు.

టెనసీ లెక్కలు కూడా మనకు పనికిరావు. మే నెలలో గుంటూరు పొలంలో పడిన శవానికీ, జనవరిలో మాంట్రియల్ మంచులో పడిన శవానికీ ఒకే గడియారం ఎలా నడుస్తుంది?

ఇంకో చేదు సంగతి. 1985లో ఎగుమతి నిషేధం వచ్చేదాకా ప్రపంచ వైద్య కళాశాలల్లో వేలాడే అస్థిపంజరాల్లో చాలా భాగం కలకత్తా నుంచి వెళ్లినవే. అమెరికాలో ఒక తరం డాక్టర్లు ఎముకలు నేర్చుకున్నది పేరు తెలియని మన పేదవాళ్ల మీద. వాళ్లెవరో చెప్పమని ఏ పోలీసూ ఉత్తరం రాయలేదు.

టీవీ పెద్దమనిషి | గురువారం, రాత్రి 8.05

ఇవన్నీ సరే, మొదట ఏ పుస్తకం చదవాలి?

మాంట్రియల్ మంచు | గురువారం, రాత్రి 8.30

‘డేజా డెడ్’తోనే మొదలుపెట్టండి, తర్వాత ‘గ్రేవ్ సీక్రెట్స్’. సీరియల్ మనిషిని వెతుక్కోకండి, దొరకదు.

కొత్త కలం | శుక్రవారం, రాత్రి 11.10

ఇన్ని రోజులుగా చప్పుడు చేయకుండా చదువుతున్నాను. నేనొక నేరపరిశోధన నవల రాస్తున్నాను, ప్రచురణ ఇంకా కాలేదు. కథ ఇది: వేసవిలో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు ఆపేస్తారు. అడుగున బురదలో ఎముకలు కనబడతాయి. ఎస్ఐ వాటిని ప్రయోగశాలకు పంపుతాడు. మరుసటి రోజు డీఎన్‌ఏ వస్తుంది... ఇక్కడిదాకా రాసి ఈ చర్చ చదివాను. లక్క సీలు గారూ, ఆ అధ్యాయం తీసేయాలా?

లక్క సీలు | శనివారం, ఉదయం 10.00

తీసేయకండి, సాగదీయండి. రక్తమిచ్చే తల్లి దొరకడానికే సగం నవల పట్టాలి. కాలువ ఎన్నో జిల్లాల గుండా పారుతుంది. తప్పిపోయినవాళ్ల ఫిర్యాదులు ఏ స్టేషన్లో నమోదయ్యాయో ఎవరికి తెలుసు? మీ ఎస్ఐ స్టేషన్లు తిరగాలి. ఒక్కో స్టేషన్లో ఒక్కో తల్లి కూర్చుని ఉంటుంది. అందరూ తమ బిడ్డే కావాలనుకుంటారు, కాకూడదనీ అనుకుంటారు.

పాలిథీన్ సంచి మరవకండి.

నల్లకోటు | శనివారం, ఉదయం 10.40

కొత్త చట్టం ప్రకారం ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు చోటుకు వచ్చి సాక్ష్యాలు సేకరించాలి, వీడియో తీయించాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 176(3). అమలు తేదీ నోటిఫై చేయడానికి రాష్ట్రాలకు 2024 జూలై నుంచి ఐదేళ్ల గడువుంది, కాబట్టి మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో ముందే తేల్చుకోండి. పంచనామాకు ఇద్దరు పంచులు కావాలి. కాలువ గట్టు మీద బర్రెలు కాసేవాణ్ని, పక్కనే టీకొట్టు అతణ్ని కూర్చోబెట్టి సంతకాలు పెట్టిస్తారు. కోర్టులో వాళ్లు ఎదురు తిరుగుతారు. అది కూడా రాయండి.

అనాటమీ హాలు | శనివారం, మధ్యాహ్నం 12.15

ముందు ఆ ఎముకలు మనిషివేనా అని ఎవరితోనైనా అడిగించండి. మాకు వచ్చే మూటల్లో మేకలు, కుక్కలు కూడా ఉంటాయి. తర్వాత నీటి సంగతి. పారే నీళ్లలో చిన్న ఎముకలు, అరచేతివి, పాదాలవి, కొట్టుకుపోతాయి. పుర్రె మెడ నుంచి విడిపోయి దొర్లుకుంటూ దూరం వెళుతుంది. దొరికిన చోటే పడేశారనుకోవద్దు. తొడ ఎముకలు, కటి ఎముక ఒక చోట, పుర్రె రెండు తూముల అవతల దొరికితే నమ్మొచ్చు. అప్పుడు రెండూ ఒకరివేనా అన్న ప్రశ్న మీ శాస్త్రవేత్తకు పుడుతుంది.

కొత్త కలం | శనివారం, రాత్రి 9.30

అందరికీ కృతజ్ఞతలు. ఇది చదివాక ఒకటి తట్టింది, చెప్పండి నిలబడుతుందేమో. కాలువకు నీళ్లు ఎప్పుడు ఆపేస్తారో ఆయకట్టు రైతులందరికీ ముందే తెలుసు, ఏటా తెలుసు. అడుగు బయటపడుతుందనీ తెలుసు. ఆ ఊరివాడెవడూ శవాన్ని అక్కడ పడేయడు. మా ఎస్ఐ మాత్రం మొదటి సగమంతా ఊరివాళ్లనే అనుమానిస్తూ తిరుగుతున్నాడు.

లక్క సీలు | శనివారం, రాత్రి 9.55

నిలబడుతుంది. ఆ మాటను బర్రెలు కాసేవాడి చేత చెప్పించండి, పంచుగా సంతకం పెట్టేటప్పుడు. ఎస్ఐ వినిపించుకోడు.